ఇసుక సగం, రేగడి సగం

దేవదానం మావయ్యను రేపల్లెలో మట్టిచేసిన రోజు పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తుంటే అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేనూ తల వంచాను గాని కళ్ళు మూయలేదు. గోతి అంచున నిలబడి దాని గోడ చూస్తున్నాను. పైన జానెడు మందాన గోధుమరంగు ఒండ్రు. దాని కింద పార దెబ్బకి నున్నగా మెరుస్తున్న నల్లరేగడి. ఇంకా కింద తడితడిగా బూడిదరంగు బురద, అందులో అక్కడక్కడా తెల్లటి గుల్లల ముక్కలు. పక్కన నిలబడ్డ మా చెల్లెలు కరుణ మోచేత్తో పొడిచి, "అక్కా, ఇక్కడికొచ్చి కూడా మట్టేనా?" అని గొణిగింది. బతుకంతా భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, ఎక్కడ గొయ్యి కనపడినా వంగి చూడటం అలవాటైపోయింది. అయితే ఆ రోజు చూసింది అలవాటుతో కాదు. మావయ్య అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, తాపీ మేస్త్రీ. నేల లోపల ఏముందో తెలియకపోవడం వల్ల ఆయన బతుకు ఒకసారి తలకిందులైంది. ఆయన్ని ఎలాంటి నేలలో పడుకోబెడుతున్నామో నాకు చూడాలనిపించింది.

మాది బాపట్ల. సముద్రం వైపు వెళ్ళే రోడ్డు పక్కన, ఊరి చివర మా పేట. నా చిన్నతనంలో మా పేటలో రాయన్నది లేదు. ఇది చెబితే కొండల దగ్గర పుట్టినవాళ్ళు నమ్మరు. మామిడికాయ కొట్టాలంటే మేం మట్టిబెడ్డ విసిరేవాళ్ళం. అది కొమ్మకి తగిలి పొడై మా కళ్ళలోనే పడేది. అసలైన రాయి కావాలంటే రైలు పట్టాల దాకా పోవాలి. పట్టాల కింద పోసిన కంకర నల్లగా, పదునైన అంచులతో ఉండేది. దాన్ని గౌను జేబులో వేసుకుని, గ్యాంగ్‌మన్ తరిమేలోపు పరుగెత్తి వచ్చేవాళ్ళం. ఇంట్లో ఉన్న రోలు, తిరగలి, సన్నికల్లు, బట్టలుతికే బండ, అన్నీ పరాయి ఊళ్ళవే. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు రుబ్బురోలు గుంటూరు అవతలి నుంచి బండి మీద వచ్చిందట. దాన్ని దించేటప్పుడు పేట పేటంతా చూడ్డానికి వచ్చారని అమ్మమ్మ గొప్పగా చెప్పేది. నాకప్పట్లో రాయంటే కొనుక్కునే వస్తువు. అది నేలలోంచి వస్తుందని, మన్ను అంతా ఒకప్పుడు రాయేనని తెలియదు.

బాపట్ల చుట్టుపక్కల నేల చూడ్డానికి చదునుగా ఉంటుంది గాని చదును కాదు. ఆ సంగతి సైకిలు తొక్కేవాళ్ళకి తెలుసు. కాసేపు పెడల్ బరువెక్కుతుంది, చక్రం ఇసుకలో కూరుకుపోతుంది, రెండు పక్కలా తాటిచెట్లు, జీడిమామిడి తోటలు వస్తాయి. ఆ తర్వాత దానంతటదే సైకిలు జారుతుంది, వరిపొలాలు వస్తాయి, చక్రానికి నల్లమట్టి అంటుకుంటుంది. మళ్ళీ ఇసుకదిబ్బ, మళ్ళీ పల్లం. సముద్రం దాకా ఇదే వరస. దిబ్బ మీద చెలమ తీస్తే చేతి లోతులో మంచినీళ్ళు ఊరేవి. పల్లంలో తవ్విన నూతి నీళ్ళు ఉప్పగా, సబ్బు నురగ రానివ్వకుండా ఉండేవి. అందుకని రోజూ పొద్దున్నే అమ్మ, నేను చెరో బిందె పట్టుకుని దిబ్బెక్కేవాళ్ళం. కందిపప్పు ఆ నీళ్ళతోనే ఉడికేది, పల్లపు నీళ్ళతో ఎంతసేపు ఉడికించినా పలుకులాగే ఉండేది. తిరిగొచ్చేసరికి నాన్న వసారాలో కూర్చుని అల్లం వేసిన కాఫీ తాగుతూ, ఇంటి ప్రార్థనకి పాటల పుస్తకం తెరిచి పెట్టుకుని ఉండేవాడు. మేం రాకుండా పాట మొదలుపెట్టేవాడు కాదు. మేమొచ్చాక క్షణం ఆగేవాడూ కాదు. తడి చేతులతోనే నిలబడి పాడేవాళ్ళం. ఇప్పటికీ అల్లం వాసన తగిలితే నా గొంతులో ఒక పాట అందుకుంటుంది.

నాన్న మిషన్ బడిలో లెక్కల మాస్టారు, చర్చి సంఘంలో పెద్ద. ఏ విషయమైనా ముందు మాట ఆయనదే, చివరి మాటా ఆయనదే. అందుకు పూర్తిగా ఎదురు మావయ్య. నవ్వుతూ వస్తాడు, నవ్వుతూ పోతాడు. తాపీ చేతిలో ఉన్నప్పుడు మాత్రం మాట్లాడడు. గోడ కట్టేటప్పుడు ఒక కన్ను మూసి లంబం గుండు వేలాడదీసి చూసేవాడు. ఆ గుండు ఊగడం ఆగేదాకా ఊపిరి కూడా బిగబట్టేవాడని అమ్మ నవ్వేది. నేను హైస్కూల్లో ఉండగా నాన్న సొంత ఇల్లు మొదలుపెట్టాడు. మేస్త్రీ ఎవరన్న ప్రశ్నే రాలేదు. స్థలం దిబ్బ అంచున ఉంది. ముందు భాగం కాస్త ఎత్తు, వెనక భాగం కాస్త పల్లం. మావయ్య ఎత్తు చెక్కి పల్లంలో పోసి చదును చేశాడు. అంతటా ఒకే లోతున పునాది తీశాడు. ఏటి ఇసుక లారీ మీద తెప్పించి జల్లెడ పట్టించాడు. అమ్మ మధ్యాహ్నం పూట బెల్లం కలిపిన మజ్జిగ తీసుకెళ్ళేది. తడి సున్నం వాసన, కాల్చిన ఇటుకల మీద నీళ్ళు చల్లినప్పుడు లేచే వాసన, మావయ్య బీడీ వాసన కలిసి ఆ వేసవి గుర్తుండిపోయింది. బెంగుళూరు పెంకుల ఇల్లు. ముందు హాలు, నాన్న గది. వెనక పడకగది, వంటిల్లు. గృహప్రవేశం ప్రార్థన రోజు నాన్న మావయ్య భుజం మీద చెయ్యి వేసి, "మా బావమరిది చేతి గోడకి లంబం పెట్టి చూసుకోవచ్చండి" అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

రెండో వేసవికి ఇల్లు పగిలింది. మొదట వంటింటి కిటికీ మూల నుంచి వెంట్రుకంత గీత. తర్వాత అది మెట్లుమెట్లుగా పైకి పాకి, పడకగది గోడ మీద చూపుడువేలు దూరేంత బీట అయింది. వాన పడ్డాక కాస్త మూసుకునేది. మళ్ళీ ఎండల్లో ఇంకాస్త పెద్దదై తెరుచుకునేది. వెనక తలుపు ఎండాకాలం బిగుసుకుపోయేది, వానాకాలం దానంతటదే తెరుచుకునేది. పెరట్లో నేల నెర్రెలిచ్చి, కరుణ దువ్వెన ఒకటి వాటిలో పడిపోతే మళ్ళీ కనబడలేదు. ఎవరో పెద్దమనిషి వచ్చి బీటలోంచి కాస్త పూత గీకి నాలిక మీద వేసుకుని, "మాస్టారూ, ఇది ఏటి ఇసుకేనా? సముద్రపు ఇసుక కలిపినట్టుందే" అన్నాడు. ఆ మాట నాన్నలో నాటుకుపోయింది. మావయ్యని పిలిపించి అడిగాడు. మావయ్య అన్నాడు, "బావగారూ, లారీ మీ కళ్ళముందే దిగింది కదండీ." నాన్న అన్నాడు, "దిగింది నేను చూశాను. కలిపింది నువ్వు." అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మావయ్య ఆవిడ వైపు చూశాడు. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం ప్రసంగం బండ మీద కట్టిన ఇల్లు, ఇసుక మీద కట్టిన ఇల్లు ఉపమానం మీద జరిగింది. ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర జనం గుమిగూడి మాట్లాడుకుంటుంటే నాన్న గట్టిగా, "మాకు ప్రసంగం అక్కర్లేదండీ, మా దేవదానం కట్టి చూపించాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న జీవితంలో వేసిన జోకులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఒక్కటి మాత్రం ఊరంతా తిరిగింది. మావయ్య మెట్ల కిందే ఉన్నాడు. తలగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయనకి బాపట్లలో ఒక్క ఇల్లూ రాలేదు. సొంత బావే అన్నాడంటే నిజమే అయ్యుంటుందని జనం అనుకున్నారు. ఆ ఏడాదే అత్తయ్యని, చంటిపిల్ల శాంతిని తీసుకుని రేపల్లె వెళ్ళిపోయి, అక్కడ నూతులకి సిమెంటు ఒరలు పోసే పనిలో కుదురుకున్నాడు. మా ఇంటికి రావడం మానేశాడు. అమ్మ నాన్నతో పోట్లాడలేదు, మాట్లాడటం మానలేదు. అయితే పొద్దున పాటలో ఆవిడ గొంతు వినపడటం మానేసింది. పెదవులు మాత్రం కదిలేవి.

నేను తెనాలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను, ఆ తర్వాత విశాఖపట్నంలో సీటు వచ్చింది. జియాలజీ తీసుకుంటున్నానంటే నాన్న, "రాళ్ళ చదువా? రాయి లేని ఊరి పిల్లకి?" అన్నాడు. మా సార్ ఒకసారి మమ్మల్ని రాజమండ్రి దగ్గర నల్లరాతి క్వారీకి తీసుకెళ్ళారు. కొండని నిలువునా కోసినట్టు ఉందది. అట్టడుగున రాయి ఇనుములా ఉంది. పైకి పోయేకొద్దీ అది గుండ్రటి గుండ్లుగా విడిపోయి, ఒక్కో గుండూ ఉల్లిపాయలాగా పొరలు పొరలుగా ఊడిపోతోంది. ఇంకా పైన ఆ గుండ్లు కూడా మెత్తబడి గోటితో గీస్తే రాలుతున్నాయి. అన్నిటికంటే పైన, గడ్డి మొలిచిన చోట, నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన నల్లమట్టి. అదే వాసన, అదే జిగురు. నేను దాన్ని పిడికెడు తీసుకుని నిలబడిపోయాను. "ఎండా వానా కలిసి రాయిని కుళ్ళబెడతాయమ్మా," అన్నారు సార్. "కుళ్ళనిది ఇసుక, కుళ్ళింది బంకమన్ను. మీ బాపట్ల కింద అసలు రాయి ఎంత లోతున ఉందో! పైనున్నదంతా ఎక్కడెక్కడి కొండలో. కృష్ణ మోసుకొచ్చి పోసింది, సముద్రం సర్దింది." దిబ్బల సంగతి కూడా ఆయనే చెప్పారు. ప్రతి దిబ్బా ఒకప్పటి సముద్రతీరమట. కెరటాలు ఇసుకని కుప్పపోస్తే, సముద్రం వెనక్కి జరిగితే, మధ్య పల్లంలో బురద నీళ్ళు నిలిచి బంకమన్ను పేరుకుందట. ఎండితే ఆ మన్ను ముడుచుకుపోతుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఇసుకకి ఆ గుణం లేదు. బస్సులో తిరిగి వస్తుంటే దారంతా నాకు మా ఇంటి పెరడు, మావయ్య ఎత్తు చెక్కి పల్లంలో పోయడం కనబడుతున్నాయి.

ఆ వేసవి సెలవులకి ఇంటికి రాగానే నాన్నతో, "నాన్నా, ఇంటికి ముందొకటి, వెనకొకటి, పునాది పక్కన రెండు గోతులు తీయిద్దాం" అన్నాను.

"ఎందుకు?"

"మావయ్య తప్పు చేశాడో లేదో చూద్దాం."

ఆ పేరు మా ఇంట్లో పలికి చాలా ఏళ్ళయింది. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కూలీలని పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. పంచె ఎగ్గట్టి, గునపం తీసుకుని తనే దిగాడు. అమ్మ వసారాలో స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉంది. ముందు వైపు గొయ్యి కాసేపట్లోనే అయిపోయింది. అంతా ఇసుకే. లేతరంగు మెత్తటి ఇసుక, తవ్వుతుంటే అంచులు జారిపోతున్నాయి. కాస్త లోతుకి పోయాక ఆల్చిప్పలు. కరుణ వాటిని ఏరి కొంగులో పోసుకుంది. వెనక వైపు గొయ్యికి మాత్రం గునపం మోగింది. పైన మావయ్య చదునుకి పోసిన ఇసుక పలచగా ఉంది. దాని కింద ఎండి రాయిలా అయిన రేగడి. నెర్రెలు పునాది కిందకి చొచ్చుకుపోయాయి. చెయ్యి పెడితే మోచేతి దాకా వెళ్ళింది. నాన్న మూడుసార్లు ఆగి చెమట తుడుచుకున్నాడు, గునపం నాకివ్వలేదు. గోతిలో నిలబడి, పునాది అడుగున చేత్తో తడిమి, ఇటుకల మధ్య సున్నంలోంచి ఒక పెళ్ళ ఊడదీసి వాసన చూశాడు. నలిపి చూశాడు. అది నలగలేదు.

"దీన్ని బట్టి ఏంటి నువ్వు చెప్పేది?" అన్నాడు పైకొచ్చి.

లెక్కల మాస్టారికి మాటలు చాలవని నాకు తెలుసు. స్నానాల గదిలోంచి రెండు సబ్బు పెట్టెలు తెచ్చి, ఒకదాంట్లో రేగడి నీళ్ళతో పిసికి అంచుల దాకా నింపాను. రెండోదాంట్లో తడి ఇసుక నింపాను. రెండూ పిట్టగోడ మీద ఎండకి పెట్టాను. నాన్న అటు వెళ్ళినప్పుడల్లా వాటిని చూస్తూనే ఉన్నాడు, చూడనట్టు నటిస్తూ. రోహిణి ఎండలు. రేగడి రోజురోజుకీ చుట్టూ అంచులు వదిలేసి, మధ్యకి దగ్గరై, నిలువునా చీలింది. ఇసుక పోసింది పోసినట్టే ఉంది. నాన్న ఒక రోజు బజారు నుంచి వచ్చినవాడు చెప్పులు కూడా విప్పకుండా పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. రేగడి ముద్దని పెట్టెలోంచి తీశాడు. అది చేతిలో వదులుగా ఊడి వచ్చింది. దాన్ని తిప్పి తిప్పి చూసి, "అంటే ముందు సగం కదల్లేదు, వెనక సగం ఏటా కిందకీ పైకీ ఊగుతోంది" అన్నాడు. "ఒకే పునాది. రెండు నేలలు. ఎవరు కట్టినా పగిలేదే."

"ఎవరు కట్టినా," అన్నాను.

అమ్మ అప్పుడు వసారాలోంచి లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నె కింద పడ్డ చప్పుడు వినిపించింది. ఎవరూ వెళ్ళలేదు.

మర్నాడు నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, "రత్నం, మీ తమ్ముడు ఈ వేళప్పుడు ఇంటి దగ్గర ఉంటాడా?" అని అడిగాడు. అమ్మ, నేను, నాన్న బస్సెక్కాం. దారి పొడుగునా నాన్న కిటికీలోంచి పొలాల మీద నెర్రెలు చూస్తూ కూర్చున్నాడు. మావయ్య ఒరలు పోసే స్థలం రేపల్లెలో కాలవ గట్టు పక్కన. బనీను, లుంగీ మీద సిమెంటు మరకలతో మా ముందుకొచ్చి నిలబడ్డాడు. అప్పటికే జుట్టు నెరిసింది. "రండి బావగారూ, ఎండనబడి వచ్చారు," అన్నాడు మర్యాదగానే. నవ్వలేదు. అత్తయ్య మంచినీళ్ళు తెచ్చింది. నాన్న నీళ్ళు తాగకుండా గ్లాసు పట్టుకుని, "దేవదానం, నీ పనిలో తప్పు లేదయ్యా. నేలలో ఉంది. నేను తొందరపడ్డాను," అన్నాడు. నాన్న నోటి నుంచి అలాంటి మాట నేను అంతకుముందు వినలేదు. అక్కడితో కథ అయిపోయిందనుకున్నాను.

మావయ్య, "ఇక్కడ చెబితే ఏం లాభం బావగారూ," అన్నాడు. "మీరన్నది ఇక్కడ కాదు కదండీ."

అమ్మ ఏదో అనబోయింది. నాన్న చేత్తో ఆపాడు. నీళ్ళు తాగి, గ్లాసు అత్తయ్యకి ఇచ్చి, "అవును. ఇక్కడ కాదు నేనన్నది," అని లేచాడు.

ఆ ఆదివారం చర్చిలో ప్రకటనలు అయిపోయాక నాన్న లేచి నిలబడ్డాడు. మగవాళ్ళ వైపు ముందు వరసలో ఆయన చోటు. వెనక్కి తిరిగి సంఘమంతటికీ కనపడేలా నిలబడ్డాడు. "కొన్నేళ్ళ కిందట ఈ మెట్ల మీద నేను నా బావమరిది దేవదానం గురించి ఒక మాట అన్నాను. మీరంతా నవ్వారు. ఆ మాట అబద్ధం. మా ఇంట్లో ఇసుక మీదున్న సగం చెక్కుచెదరలేదు. బంకమట్టి మీదున్న సగం పగిలింది. అతను కలిపిన దాంట్లో ఏ లోపమూ లేదు, నేను గొయ్యి తవ్వి చూశాను. దయచేసి నేనన్నది ఎంతమందికి చెప్పారో, ఇది కూడా అంతమందికి చెప్పండి." అంతే చెప్పి కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు అమ్మ పక్కన నేనున్నాను. ముగింపు పాట అందుకున్నప్పుడు అమ్మ గొంతు నా చెవి పక్కన లేచింది. పాడి చాలా కాలమైనందుకో ఏమో, కాస్త జీరగా, శ్రుతి తప్పి.

మావయ్య తొలకరికి ముందే వచ్చాడు, తాపీ సంచీతో. ఎవరు కబురు పెట్టారో, ఎవరి నోట విన్నాడో అడగలేదు. గోతులు రెండూ దిగి చూశాడు. చాలాసేపు వెనక గోతిలోనే కూర్చున్నాడు. పైకొచ్చి, "అమ్మాయ్, ఇలాంటిది కింద ఉంటుందని నాకెవరూ చెప్పలేదు," అన్నాడు. నాకు కూడా ఎవరూ చెప్పలేదని, క్వారీ చూడకపోతే నాకూ తెలిసేది కాదని అన్నాను. ఆయన ఉపాయం తేలికైనది. బీట వెంబడి ఇంటిని కింది నుంచి పై దాకా కోసి రెండుగా విడదీయడం. వెనక సగానికి పునాదిని ముక్కముక్కగా, నెర్రెలు దిగే లోతుకన్నా కిందకి తీసుకుపోవడం. చుట్టూ ఇసుక నింపడం. మధ్య ఖాళీ మీద కదిలే రేకు పెట్టడం. కూలీ సరిపోక నాన్నే తట్టలు మోశాడు. సిమెంటు కలిపే దగ్గర మావయ్య, "బావగారూ, నీళ్ళెక్కువయ్యాయండి," అని గదిమితే నాన్న, "సరేనయ్యా," అని ఇసుక మరో పార వేశాడు. నాన్నని ఒకరు గదమడం, ఆయన సరేననడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆ తర్వాత ఇల్లు బీట పడలేదు. అయితే మావయ్య మళ్ళీ ఇళ్ళ పని పట్టలేదు. ఊళ్ళో వాళ్ళే వచ్చి అడిగినా రేపల్లె వెళ్ళిపోయి ఒరలే పోసుకున్నాడు. అడిగితే, "చేతికి ధైర్యం చాలట్లేదమ్మాయ్. గోడ కట్టేటప్పుడు కిందేముందో అనిపిస్తోంది," అన్నాడు. నాన్న మాట వెనక్కి తీసుకోగలిగాడు గాని, అది చేసి పోయిన పనిని తీసుకోలేకపోయాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. మావయ్య గురించి ఎవరైనా మాట్లాడితే లేచి పెరట్లోకి వెళ్ళేవాడు.

ఈమధ్య తెనాలి నుంచి బాపట్ల దాకా రోడ్డు మీద వెళ్తుంటే పొలాలన్నీ ఎర్రటి గ్రావెల్‌తో నింపుతున్నారు. రాయి లేని ఊళ్ళకి కొండలే లారీల మీద వచ్చేస్తున్నాయి. నా చిన్నప్పుడు రైలు పట్టాల దాకా పరుగెత్తి తెచ్చుకున్న కంకర ఇప్పుడు ప్రతి వీధి మూలా గుట్టగా పడి ఉంటుంది, పిల్లలెవరూ దాని వైపు చూడరు. దిబ్బలని చెక్కి ఇసుక అమ్మేశారు, వాటితోపాటు చెలమలు పోయాయి. డబ్బా నీళ్ళతో పప్పు చక్కగా ఉడుకుతుంది. ఇప్పుడు మట్టి పరీక్షలు ఉన్నాయి, లోతుగా దింపే పునాదులు ఉన్నాయి, అప్పుడు మావయ్యకి లేని జ్ఞానం ఒక కాగితం మీద దొరుకుతుంది. ఆ రోజులే మంచివని నేను అనను. తెలియకపోవడం వల్ల ఒక మనిషి పరువు పోయిన రోజులు అవి. కాని ఇప్పుడు ఇల్లు పగిలితే ఫలానావాడు కట్టాడని ఎవరికీ గుర్తుండదు. గోడ వెనక మనిషి లేడు. తప్పు మోపడానికీ లేడు, వెళ్ళి క్షమాపణ అడగడానికీ లేడు. ఇందులో ఏది నయమో నాకింకా తేలలేదు.

తొంభైల్లో, మావయ్య కూతురు శాంతికి తెనాలి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చి, అక్కడే చిన్న స్థలం కొనుక్కుంది. మేస్త్రీని మాట్లాడుకున్నారు. నేను విశాఖ నుంచి సెలవులకి వచ్చానని తెలిసి మావయ్య మా ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడే, "అమ్మాయ్, ఒకసారి తెనాలి వచ్చి నేల చూసి చెబుతావా?" అన్నాడు. ఇద్దరం వెళ్ళాం. నాలుగు మూలలా గోతులు తీయించాను. పైన పాత కాలవ పోసిన ఒండ్రు, కింద రేగడి, నాలుగు మూలలా ఒకే తీరు. నెర్రెలు ఎంతవరకు దిగాయో పుల్ల పెట్టి చూపించాను. "దీనికి కిందకి పోవాలి మావయ్యా. నాలుగు వైపులా ఒకే నేల మీద కూర్చోవాలి. ఇక భయం లేదు," అన్నాను. ఆయన ఒక్కో గోతి దగ్గరా గొంతుక్కూర్చుని, మన్ను వేళ్ళతో నలిపి, మళ్ళీ మొదటి గోతి దగ్గరికి వచ్చాడు. మాట్లాడుకున్న మేస్త్రీ సిమెంటు కలిపిస్తున్నాడు. మావయ్య అతని దగ్గరికెళ్ళి, "తమ్ముడూ, ఏమీ అనుకోకపోతే దీన్ని నేను కడతాను. మా అమ్మాయి ఇల్లు," అని తాపీ అందుకున్నాడు.

ఆ వేసవంతా ఆయన తెనాలిలోనే ఉన్నాడు. ఇల్లు పూర్తయిన రోజు నేను గోడ నిమిరి, "ఎంత బాగా కట్టావు మావయ్యా," అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అప్పుడే కట్టానని అనకమ్మాయ్. రెండు వేసవులు పోనీ," అన్నాడు.

రెండు వేసవులు పోయాయి. ఒక సాయంత్రం, విశాఖలో వాన కురుస్తుండగా, మా ఇంటి ఫోను మోగింది. తెనాలిలో ఏదో ఎస్టీడీ బూత్ నుంచి. అవతల కూడా వాన చప్పుడు వినపడుతోంది. అరిచినట్టు మాట్లాడటం మావయ్య అలవాటు, ఫోను దూరాన్ని బట్టి గొంతు పెంచాలని ఆయన నమ్మకం. ఆ రోజు మాత్రం అరవలేదు. బాగోగులు అడగలేదు. గోడలన్నీ చేత్తో తడుముతూ ఇల్లంతా తిరిగి, వానలోనే బూత్ దాకా నడిచొచ్చాడట.

"అమ్మాయ్," అన్నాడు. "ఇల్లు కట్టానమ్మా."